తీగ తెగితే గేటు ఆగాలి

గత వేసవిలో గుంటూరు నుండి వచ్చిన మా అమ్మ, ఒక సాయంత్రం మనవరాలి చేయి పట్టుకొని నడకకు బయలుదేరి, తనంతట తానే మూసుకొంటున్న మా ఇంటి ఇనుప గేటును చూసి ఆగిపోయింది.

"మనిషి అడ్డం ఉన్నట్లు దీనికెలా తెలుస్తుందిరా?"

"కంటికి కనబడని కాంతి కిరణం ఉందమ్మా. ఎవరైనా అడ్డు వస్తే గేటు ఆగిపోతుంది."

"ఆ కిరణం పాడైతే?"

నాకు వెంటనే సమాధానం తోచలేదు. మరునాడు విద్యుత్తు ఆపి, ఆ పరికరపు తీగ ఒకటి ఊడదీసి, మళ్ళీ విద్యుత్తునిచ్చి చూశాను. గేటు ఏమీ ఎరగనట్లే మూసుకొన్నది!

కారణం తీగలు కలిపిన పద్ధతిలో ఉన్నది. గేటు మోటారుకు జతచేసే ఉపకరణాలు రెండు రకాలు. అంకెల మీటలు, రిమోట్ రిసీవర్ వంటివి ఆజ్ఞ ఇచ్చేవి. వీటి వలయం మామూలుగా తెగి ఉండి, మీట నొక్కినప్పుడు కలుస్తుంది. తీగ తెగితే గేటు మాట వినదు, అంతే. రెండవ రకం ప్రమాదాన్ని ఆపేవి: కాంతి కిరణపు కన్ను, గేటు అంచున అమర్చే రబ్బరు పట్టీ. వీటిని కూడ మొదటి పద్ధతిలోనే కలిపితే, తీగ తెగిన కన్నూ, అడ్డమేమీ కనబడని కన్నూ ఒకే విధంగా మౌనంగా ఉంటాయి.

మన ఊళ్ళలో రాత్రి కావలివాడు "పారాహుషార్" అని అరుస్తూ తిరిగేవాడు. ఆ కేక వినబడకపోతేనే అనుమానం. రక్షణ వలయం కూడ అట్లాగే మామూలుగా కలిసి ఉండి, తెగినప్పుడు గేటును ఆపాలి. అయితే ఇందులోనూ ఒక లోపం ఉన్నది. పైతొడుగు చిరిగి రెండు తీగలు ఒకదానికొకటి తగిలితే, మోటారు అంతా క్షేమమే అనుకొంటుంది.

దీనికి విరుగుడు ఒక చిన్న నిరోధకం. రబ్బరు పట్టీలోని రెండు వాహకాల కొనలను సాధారణంగా 10,000 ఓముల నిరోధకంతో కలుపుతారు. పట్టీకి 5 వోల్టులు అందుతున్నాయనుకొందాం. మామూలుగా 0.5 మిల్లీ ఆంపియరు ప్రవహిస్తుంది. పట్టీ నొక్కుకొన్నా, తీగలు తగిలినా ప్రవాహం ఒక్కసారిగా పెరుగుతుంది. తీగ తెగితే సున్న అవుతుంది. ఎటు మారినా గేటు ఆగుతుంది.

అమెరికాలో యు.ఎల్. 325 అనే ప్రమాణం ప్రకారం, 2016 జనవరి నుండి తయారైన మోటారులు తమకు కలిపిన రక్షణ పరికరాలు పనిచేస్తున్నదీ లేనిదీ కనిపెట్టి ఉండాలి. మా పెట్టె అంతకు ముందటిది. నిపుణుని పిలిపించి దానిని మార్పించాము.

మరి మూడు సంగతులు. దారి క్రింద పాతిన తీగచుట్ట కారు లోహాన్ని గుర్తిస్తుందే గాని పసిపిల్లను గుర్తించదు. అది కంటికి బదులు కాదు. అంకెల మీటలు కదిలే గేటుకు కనీసం 6 అడుగుల దూరంలో ఉండాలి. ఇక రసాయన శాస్త్రజ్ఞునిగా ఒక మాట: నేలలో తడి తగిలిన రాగి అతుకులకు, మన రాగి చెంబుకు పట్టినట్లే, కిలుము పడుతుంది. చెంబును చింతపండుతో తోమవచ్చు గాని భూమిలోని అతుకును తోమలేము. అందుచేత తేమ చొరని జెల్ నింపిన కనెక్టర్లే వాడాలి.

నెలకొకసారి, మీరు దూరంగా నిలిచి, గేటు మూసుకొనేటప్పుడు కిరణానికి ఒక అట్టపెట్టెను అడ్డు పెట్టించి చూడండి. గేటు ఆగకపోయినా, వెనుకకు మళ్ళకపోయినా వాడకం మానివేసి నిపుణుని పిలవండి. తీగల పని సొంతంగా చేయవద్దు.

కొత్త పెట్టె పెట్టినరోజు నిపుణుడు అమ్మ ఎదుటనే కంటి తీగ ఊడదీశాడు. ఎన్నిసార్లు మీట నొక్కినా గేటు మూసుకోలేదు.

"ఇప్పుడు సరే" అని అమ్మ మనవరాలి చేయి పట్టుకొన్నది.