సీలు కొనే ముందు బ్రీదర్ చూడు

జగదల్‌పూర్

అల్లుడూ,

మీ అమ్మ ఫోన్లో అంతా చెప్పింది. నీ మారుతీ 800 బండి కింద రోజూ ఆయిలు మరక పడుతోందట, ఎవరో ఇంజన్ దించి సీళ్లన్నీ మార్చాలన్నారట, నువ్వేమో ఆ పని ఇంట్లోనే చేస్తానని పానాల సెట్టు కొనుక్కొచ్చావట. చెయ్యి. కాకపోతే నువ్వు పంపిన ఫోటోలో ఇంజన్ కింది సగమంతా ఎర్రనల్లటి ముద్దే ఉంది. అది చూసి కారేది ఫలానా సీలే అని ఏ మేస్త్రీ అయినా చెబితే నమ్మకు.

మీ కిరండూల్ దుమ్ము సంగతి నీకు నేను చెప్పేదేముంది! 1968లో బైలాడిలా ఇనప గనుల్లో 14వ డిపాజిట్ మొదలైన దగ్గర్నుంచీ అక్కడ కార్లే కాదు, ఆరేసిన చొక్కాలు కూడా ఎర్రబడుతున్నాయి. ఆ ఇనప దుమ్ము ఆయిలు తడికి అంటుకుంటే గరుకు ముద్దవుతుంది. అది సీలు అంచు దగ్గర చేరితే రబ్బరుతో ఆగదు, ఉక్కు షాఫ్టు మీద కూడా సన్నటి గాడి పెడుతుంది. అందుకని ముందు ఇంజన్ చల్లారాక కిరసనాయిలు, బ్రష్షుతో శుభ్రంగా కడుగు. పెట్రోలు మాత్రం వద్దు. డిస్ట్రిబ్యూటర్‌కి, ఆల్టర్నేటర్‌కి ప్లాస్టిక్ కవర్ కట్టు. ఆరాక కాస్త పౌడర్ చల్లి, బచేలీ దాకా వెళ్లిరా.

వచ్చాక టార్చి వేసి పైనుంచి కిందికి చూడు. ఆయిలు పైన కారి కింద కనబడుతుంది, గాలికి వెనక్కి కూడా పోతుంది. మారుతీ 800లో టాపెట్ కవర్ ప్యాకింగ్ పోయినా, డిస్ట్రిబ్యూటర్ మొదట్లో ఉండే రబ్బరు రింగు పోయినా, ఆయిలు గేర్‌బాక్స్ పక్కకి జారి అచ్చం క్రాంక్ వెనక సీలు పోయినట్టే కనిపిస్తుంది. చవకలో తేలిపోయే ఆ రెండూ చూడకుండా గేర్‌బాక్స్ దించేవాళ్లు మన ఊళ్లోనూ ఉన్నారు.

అసలు విషయానికి వస్తాను. సీలు అరగడం వేరు, సీలుని లోపలి ఒత్తిడి తోసెయ్యడం వేరు. పిస్టన్ పక్కనుంచి కొంత గ్యాసు ఎప్పుడూ కిందికి దిగుతూనే ఉంటుంది. అది బయటపడే దారి టాపెట్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కి వెళ్లే బ్రీదర్ పైపు. అది మడ్డి పట్టి మూసుకుపోతే ఒత్తిడి ఎక్కడ సందు దొరికితే అక్కడ ఆయిలుని బయటకి తోస్తుంది. కొత్త సీలు వేసినా నెల తిరక్కుండా మళ్లీ మరక పడుతుంది. పైపు విప్పి శుభ్రం చెయ్యి. తర్వాత బండి స్టార్ట్ చేసి ఆయిల్ మూత తీసి చూడు. పొగ గుప్పుగుప్పున తన్నుకొస్తుంటే అది మన మెకానిక్కులు ‘బ్యాక్ కంప్రెషన్’ అనే జబ్బు. రింగులో బోరో అరిగాయన్నమాట, దానికి సీళ్ల మీద డబ్బు పెట్టకు.

ఇవన్నీ బాగుండి, టైమింగ్ బెల్టు పక్కనే తడి ఉంటే అప్పుడు ముందు వైపు సీళ్ల పని పెట్టుకో. క్రాంక్‌ది ఒకటి, క్యామ్‌ది ఒకటి. రెండూ ఒకేసారి మార్చు. ఆయిలు తాగిన బెల్టు తుడిస్తే బాగుపడదు, దాన్ని కూడా మార్చాల్సిందే. సీలు మీద లోపలి కొలత, బయటి కొలత, మందం అచ్చువేసి ఉంటాయి. అవి చూసే కొను. వైటాన్ దొరికితే అదే తీసుకో. మామూలు నైట్రైల్ రబ్బరు నూరు డిగ్రీలు దాటితే త్వరగా గట్టిపడుతుంది, వైటాన్ 200 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. ఇక్కడ దసరా రథం తిరిగే రోజుల్లో మాత్రం కొనడానికి రాకు, బజారులో అడుగు తీసి అడుగు వెయ్యలేవు.

బ్యాటరీ నెగటివ్ తీసెయ్యి. బండిని స్టాండ్ల మీద నిలబెట్టు, ఇటుకల మీద కాదు. అవి చెప్పకుండా పగులుతాయి. పుల్లీ బోల్టు కదలకపోతే టాప్ గేరులో పెట్టి ఎవరినైనా బ్రేకు తొక్కమను. బెల్టు తీసే ముందే టైమింగ్ గుర్తులు కలిపి ఫోటో తీసుకో. పాత సీలు పీకేటప్పుడు స్క్రూడ్రైవర్ షాఫ్టుకి తగలకూడదు. అక్కడ గీత పడిందా, ఆ దారినే ఆయిలు నడుస్తుంది. గోరు పెట్టి చూడు, గాడి తగిలితే కొత్త సీలుని ఒక మిల్లీమీటరు ఇటో అటో కూర్చోబెట్టు, అంచు నున్నటి చోట ఆనుతుంది. స్ప్రింగు ఉన్న వైపు ఇంజన్ లోపలికి ఉండాలి. ఆ స్ప్రింగు వెనక కొంచెం గ్రీజు పెడితే కొట్టేటప్పుడు ఊడిపోదు. అంచుకి ఆయిలు రాసి, బయటి కొలతకి సరిపడే సాకెట్ ఆనించి నిదానంగా, వంకర పోకుండా కొట్టు. బెల్టు వేశాక చేత్తోనే క్రాంకుని రెండు చుట్లు తిప్పు. అప్పటికి క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది, గుర్తులు మళ్లీ కలవాలి. కలవకపోతే తాళంచెవి ముట్టుకోకు.

వెనక సీలు జోలికి మాత్రం వెళ్లకు. దానికి గేర్‌బాక్స్, క్లచ్చు, ఫ్లైవీల్ అన్నీ దిగాలి. నేలమీద పడుకుని ఒక్కడివే గేర్‌బాక్స్‌ని గుండెల మీదికి దించుకోవడం నైపుణ్యం కాదు. అది కారుతోందని తేలితే ఇక్కడికి తీసుకురా, ఎలాగూ విప్పుతాం కాబట్టి క్లచ్ ప్లేటు కూడా చూద్దాం.

సంక్రాంతికి విజయనగరం వెళ్లాలనుకుంటున్నావుగా. పని అయ్యాక వారం పాటు ఊళ్లోనే తిప్పు, రోజూ డిప్‌స్టిక్ చూడు. ఆయిలు మట్టం కదలకపోతే అప్పుడు కోరాపుట్ దాటి సాలూరు ఘాటు దిగు.

నీ మామయ్య