కిరాయి ఎవరిది, నష్టం ఎవరిది



నీ ఉత్తరం చదివాను. పోర్ట్ క్లాంగ్ పార్టీ తేజ మిర్చికి సీఐఎఫ్ రేటు అడిగాడన్నావు. ఓడ కిరాయి, ఇన్సూరెన్సు మనమే కడుతున్నాం కాబట్టి మలేషియాలో దిగేదాకా సరుకు పూచీ కూడా మనదేననుకుని, ఆ భయానికి కిలోకి కొంత కలిపి రేటు కట్టానని రాశావు. ఆ లెక్క తప్పు, అమ్మడూ. ఏళ్ల తరబడి ఎగుమతులు చేస్తున్నవాళ్లు కూడా ఇక్కడే పొరబడుతుంటారు.

సీఐఎఫ్‌లో ఖర్చు ఒకచోట ఆగుతుంది, పూచీ ఇంకోచోట చేతులు మారుతుంది. కిరాయి పోర్ట్ క్లాంగ్ దాకా నీదే. నష్టం మాత్రం చెన్నైలో సరుకు ఓడ మీదికి ఎక్కినప్పటి నుంచి కొన్నవాడిది. ఆ తర్వాత ఓడలో నిప్పంటుకున్నా, కంటెయినర్ సముద్రంలో పడిపోయినా, నీ కాగితాలు సక్రమంగా ఉంటే అతను డబ్బు చెల్లించాల్సిందే. క్లెయిము అతను చేసుకుంటాడు. సీఎఫ్ఆర్ కూడా ఇంతే, ఇన్సూరెన్సు కట్టే పని నీకుండదు.

అలాగని ఇన్సూరెన్సు మొక్కుబడిగా తీసుకోకు. సీఐఎఫ్ కింద నీమీదున్న కనీస బాధ్యత సరుకు ధర మీద 110 శాతానికి, అదీ ‘సి’ క్లాజు పాలసీ. నిప్పు, పేలుడు, ఓడ మునగడం, ఢీకొనడం లాంటి పెద్ద ప్రమాదాలకే అది వర్తిస్తుంది. మిర్చికి పెద్ద శత్రువు తడి. కంటెయినర్ పైకప్పుకు చిన్న చిల్లు ఉండి వాన నీళ్లు కారాయనుకో. పైవరస టిక్కీలు (మిర్చి బస్తాలు) తడుస్తాయి, బూజు పడుతుంది, అక్కడ తలుపు తీసేసరికి కాయ నల్లబడి ఉంటుంది. ‘సి’ పాలసీ మీద ఈ నష్టానికి పైసా రాదు. దొంగతనానికీ రాదు. చట్టం ప్రకారం నీ తప్పు లేకపోవచ్చు గానీ, ఆ పార్టీ మళ్లీ నీ దగ్గర కొంటాడా? అందుకే ఇంకా ఎక్కువ నష్టాలకు వర్తించే ‘ఎ’ క్లాజు తీసుకో. అదీ అన్నిటికీ కాపు కాయదు. పచ్చి తగ్గని కాయను నింపితే ‘ఎ’ కూడా ఆదుకోదు. తేమ చూడకుండా కంటెయినర్ నింపనివ్వకు.

పారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి సీఐఎఫ్ లాంటి ఈ షరతులను ‘ఇన్‌కోటర్మ్స్’ పేరుతో 1936లో మొదట అచ్చువేసింది. ఇప్పుడు నడిచేది 2020 కూర్పు, అందులో 11 షరతులున్నాయి. వాటిలో ఎఫ్‌ఏఎస్, ఎఫ్‌ఓబీ, సీఎఫ్ఆర్, సీఐఎఫ్ ఓడ సరుకు కోసమే పెట్టినవి. మనవాళ్లకు మాత్రం ఏం పంపినా ‘ఎఫ్‌ఓబీ చెన్నై’ అనడం అలవాటైపోయింది. కంటెయినర్‌కు ఆ మాట నప్పదు. పెట్టెను రేవు యార్డులో అప్పగించాక, ఓడ ఆలస్యమైతే అది అక్కడే రోజుల తరబడి పడి ఉంటుంది. నీ చేతిలో ఉండదు, తాళం నీ దగ్గర ఉండదు, కానీ ఓడ ఎక్కేదాకా నష్టమొస్తే నీదే. సీఐఎఫ్‌లోనూ ఈ చిక్కు ఉంది.

కంటెయినర్‌కు తగినవి ఎఫ్‌సీఏ, సీపీటీ, సీఐపీ. వీటిలో సరుకును రవాణాదారుకు అప్పగించగానే పూచీ మారిపోతుంది. కిరాయి, ఇన్సూరెన్సు అమ్మినవాడే కట్టే సీఐపీలో ‘ఎ’ క్లాజు ఇన్సూరెన్సు 2020 నుంచి తప్పనిసరి, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప. ఎఫ్‌సీఏ అంటే బ్యాంకుకు ఓడ ఎక్కినట్టున్న బిల్ ఆఫ్ లేడింగ్ దొరకదని మన ఎగుమతిదారులు జంకేవారు. కొన్నవాడు రవాణాదారుకు చెప్పి ఆ బిల్లు ఇప్పించేలా రాసుకునే వీలు ఇప్పుడుంది.

ఎవరైనా డీడీపీ అడిగితే తొందరపడి ఒప్పుకోకు. అందులో వాళ్ల దేశపు దిగుమతి సుంకం కూడా అమ్మినవాడి నెత్తినే. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. మన రొయ్యలు అమెరికాకు డీడీపీ మీద అమ్మినవాళ్లకు రేటు మాట్లాడుకున్న తర్వాత ఆ భారం మీద పడింది. మనకు అదుపు లేని ఖర్చును మన ధరలో కలుపుకోవడం నాకెప్పుడూ సమ్మతం కాదు.

ఇంకొక్కటి. సరుకు మీద హక్కు ఎప్పుడు మారుతుందో, డబ్బు ఎప్పుడు రావాలో ఈ షరతులు చెప్పవు. అవి ఒప్పందంలో విడిగా రాసుకోవాలి. పోర్ట్ క్లాంగ్‌లో దింపుడు చార్జీలు ఎవరివో కూడా అందులోనే తేల్చుకో, తగవులు ఎక్కువగా వచ్చేది అక్కడే.

నా మాట విని భయానికి కలిపిన ఆ మొత్తం తీసేసి, ‘సీఐపీ పోర్ట్ క్లాంగ్, ఇన్‌కోటర్మ్స్ 2020’ అని రేటు ఇవ్వు. పూచీ మారే చోటుగా చెన్నైలో నువ్వు పెట్టె అప్పగించే యార్డు పేరు కూడా రాయి. సీఐఎఫ్ తప్ప వద్దని అతను పట్టుబడితే, ‘ఎ’ పాలసీ గుంటూరు కోల్డ్ స్టోరేజీలో లారీకి ఎత్తినప్పటి నుంచి వర్తించేలా తీసుకో. కొటేషన్ పంపే ముందు నాకు ఒక కాపీ పంపించు, చూసి చెబుతాను.

మీ మామయ్య