దారం లాగితే వేలు వంగాలి: ఇంట్లో చేసే బొమ్మ చేయి



"అమ్మా, ప్రాజెక్టు రేపే ఇవ్వాలి" అని రాత్రి తొమ్మిదింటికి గుర్తుచేసే పిల్లలు చాలా ఇళ్లలో ఉంటారు. ఇక అట్ట కత్తిరించేది నాన్న, రంగులు వేసేది అమ్మ, మార్కులు మాత్రం పిల్లలకు. ఈ నెల ప్రాజెక్టు అలా కాకూడదని మా కోరిక. ఒక ఆదివారం పూట కేటాయిస్తే చాలు.

తోలుబొమ్మ చేయి

తోలుబొమ్మలాటలో బొమ్మ ఒంటిని, చేతులను వేరువేరుగా కత్తిరించి, కీళ్ల దగ్గర దారపు ముడులతో కలుపుతారు. చేతికి కట్టిన పుల్లను ఆడిస్తే తెర మీద హనుమంతుడు గద ఎత్తుతాడు. ఈ కళకు గాను శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. పుల్లతో చేయి మొత్తం కదులుతుంది. ఒక్కొక్క వేలూ విడిగా వంగాలంటే మాత్రం దారం కావాలి.

మన చేతిలోనూ దారాలే

మీ పిల్లలను ఒక చేయి పిడికిలి బిగించి, రెండో చేత్తో ముంజేతిని పట్టుకోమనండి. లోపల కండరం కదలడం తెలుస్తుంది. వేళ్లను వంచే ముఖ్యమైన కండరాలు ముంజేతిలో ఉంటాయి. వాటి నుంచి టెండాన్లు అనే గట్టి తాళ్లు మణికట్టు గుండా వేలి ఎముకల దాకా వెళతాయి. సైకిల్ బ్రేకు పద్ధతి కూడా ఇదే: పైన నొక్కితే కేబుల్ లాగుతుంది, కింద బ్రేకు పడుతుంది.

కావలసినవి

చెప్పుల పెట్టె అట్ట, పేపర్ స్ట్రాలు నాలుగైదు, నైలాన్ దారం (చేపల వల అల్లే దారమైతే మరీ మంచిది), జిగురు, టేపు, రబ్బరు బ్యాండ్లు.

చేసే పద్ధతి

1. పిల్లల చేతిని అట్ట మీద పెట్టి, మణికట్టు కింద మరో జానెడు కలిపి గీయాలి. కత్తిరించేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండాలి.
2. తమ వేళ్లు ఎక్కడ వంగుతాయో చూసి అక్కడ అడ్డగీతలు గీయాలి. ప్రతి వేలికి మూడు, బొటనవేలికి రెండు. ఆ గీతల దగ్గర అట్టను అరచేతి వైపు మడవాలి.
3. గీతల మధ్య చిన్న స్ట్రా ముక్కలు అంటించాలి. గీత మీదికి ముక్క రాకూడదు. అరచేతి మీద ఒక్కో వేలికి ఒక పొడవు ముక్క పెట్టాలి. బొటనవేలి ముక్క మాత్రం చిటికెనవేలి మొదలు వైపు ఏటవాలుగా ఉండాలి.
4. వేలి కొసన దారాన్ని టేపుతో గట్టిగా అంటించి, స్ట్రా ముక్కల గుండా కిందికి తీసి, చివర ఉంగరంలా ముడి వేయాలి.
5. ఆ ఉంగరాల్లో వేళ్లు పెట్టి లాగాలి.

వేలు వంగకపోతే

కొస మాత్రమే వంగితే, కింది గీతల దగ్గర మడత సరిగా పడలేదన్నమాట. సగం వంగి ఆగిపోతే, పక్కపక్క స్ట్రా ముక్కలు ఒకదానికొకటి తగులుతున్నట్టు. వాటిని కొంచెం పొట్టి చేయాలి. వంగిన వేలు తిరిగి లేవకపోతే, వెనకవైపు రబ్బరు బ్యాండును కాస్త సాగదీసి అంటించాలి. మన వేళ్లను చాచడానికీ చేతి వెనకవైపు వేరే టెండాన్లు ఉన్నాయి.

మీకు ఒక మనవి

మొదటిసారి ఒకటి రెండు వేళ్లు వంగకపోవడం మామూలే. అప్పుడు "ఇటివ్వు, నేను చేస్తాను" అనకండి. "దారం ఎక్కడ పట్టేస్తోంది?" అని అడిగి కాసేపు ఊరుకోండి. ఆ వెతుకులాటలోనే పిల్లలకు పాఠం వంటబడుతుంది. మీరు చేసి ఇస్తే చేయి బాగానే ఉంటుంది, కానీ అది ఎందుకు వంగిందో వాళ్లకు తెలియదు.

తరగతిలో బొమ్మ అందం చూడం. ఖాళీ పేపర్ గ్లాసును పట్టుకుని లేపగలదా అని చూస్తాం, దారం దారి చెప్పమంటాం. పని చేయని మొదటి చేయి ఉంటే పారేయకండి, దాన్నీ పంపండి. ఎక్కడ తప్పిందో పిల్లల నోటనే వింటాం.