ధ్వని: దాని స్వభావము

దీపావళి నాటి దండారి దినములలో ఆదిలాబాదు గోండు గూడెములందు గుస్సాడి నృత్యమునకు డప్పులు, తుడుములు మ్రోగును. డప్పును వాయించుటకు ముందు మంటకు కాచుట మన గ్రామములందు అందరెరిగినదే. వేడికి చర్మము బిగిసి, దెబ్బకు మరింత వేగముగా కంపించి, స్వరము హెచ్చగును. ఆ కంపనమే గాలిలో అలలుగా సాగి చెవిని చేరును. కంపనము లేనిదే ధ్వని లేదు.

ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పయనించును. మెరుపు కనబడిన 3 సెకనులకు ఉరుము వినబడినచో, అది దాదాపు 1 కిలోమీటరు దూరముననే యున్నదని గ్రహించి, చెట్టు క్రింద నిలువక ఇల్లు చేరవలెను.

పగలు వినబడని పెద్దపల్లి, మంచిర్యాల మార్గపు రైలుకూత రాత్రి దూరపు గ్రామములకు ఏల వినవచ్చును? నిర్మలమైన రాత్రులందు నేల చల్లబడి, పైగాలి వెచ్చగా నుండుటచే ధ్వని క్రిందికి వంగి దూరము సాగును. పరిసరముల నిశ్శబ్దమును దానికి తోడగును. మైకు మ్రోతకును ఇదియే వర్తించును. పందిరి వద్ద ఉత్సాహము నిచ్చు పాట, ఊరి చివరనున్న రోగికి, చదువుకొను బాలునికి బాధ యగును. అంతియే కాదు, లోపలి చెవిలోని సన్నని రోమకణములు పెద్ద మ్రోతకు నశించినచో మరల మొలవవు.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమముల ప్రకారము నివాస ప్రాంతములలో ధ్వని పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు మించరాదు. వ్రాతపూర్వకమైన అనుమతి లేక మైకు వాడరాదు. రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు ఆరుబయట వాడుట సామాన్యముగా నిషిద్ధము.

పంచాయతీ సభ్యులు జాతరకు ముందే నిర్వాహకులతో మాటలాడి, మైకులను బడికి, ఆసుపత్రికి ఎదురుగా గాక వేరొక దిక్కునకు త్రిప్పించినచో ఉత్సవమును సాగును, ఊరును నిద్రించును.