నూనె మూకుడు పెట్టకుండా సాయంత్రపు చిరుతిళ్లు

గుండెపోటుతో వచ్చి, కోలుకుని ఇంటికి వెళ్లబోయే పెద్దాయన డిశ్చార్జి రోజున తరచుగా అడిగే ప్రశ్న మందుల గురించి కాదు. "ఇక మిరపకాయ బజ్జీ తినకూడదా సిస్టర్?" అని అడుగుతారు. పక్కనే ఉన్న భార్య తల దించుకుంటుంది. పిల్లలకు వేయించి పెట్టి, ఆయనకు మాత్రం చప్పిడి తిండి పెట్టాలంటే ఆమెకు మనసు ఒప్పదు. నెల తిరిగేసరికి "ఒక్కటే కదా" అంటూ ఆమే ప్లేటులో వేస్తుంది. అందుకే ఈ పాఠం రోగికి కాదు, ఇంట్లో వండే మీకు.

ముందు నూనె సంగతి తెలుసుకుందాం. పిండి పదార్థం గానీ మాంసకృత్తులు గానీ ఒక గ్రాముకు 4 కేలరీలు ఇస్తే, నూనె 9 కేలరీలు ఇస్తుంది. కాగే నూనెలో పిండిని వేయగానే అందులోని నీరు ఆవిరై బయటికి పోతుంది. ఆ ఖాళీలలోకి నూనె చేరుతుంది. మూకుడులోంచి తీశాక, చల్లారేటప్పుడు కూడా పైనున్న నూనె లోపలికి పీల్చుకుంటుంది. కాగితం మీద ఒత్తితే పోయేది పై నూనె మాత్రమే. బజ్జీ పిండిలో ఉప్పుతో పాటు వంటసోడా కూడా ఉంటుంది. రక్తపోటు ఉన్నవారికి చేటు చేసే సోడియం ఆ రెండింటిలోనూ ఉంది. ఇక బండి మీద నూనెను పొద్దుటి నుంచి రాత్రి దాకా మరిగిస్తూనే ఉంటారు. చెడిన నూనెలోని పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే దాన్ని వాడకూడదని మన దేశంలో 2018 జూలై నుంచి నిబంధన ఉంది. అయితే నల్లబడి నురగ వచ్చే నూనెను గుర్తుపట్టడానికి మీ కళ్లు చాలు.

ఇప్పుడు బజ్జీ విషయం. బండివాడు బజ్జీని నిలువునా చీల్చి, సన్నగా తరిగిన ఉల్లిపాయ కూరి, నిమ్మకాయ పిండి ఇస్తాడు. మనకు నోరూరించేది చాలావరకు ఆ ఉల్లి, నిమ్మరసం, వాము వాసనే. వాటిని ఉంచుకుని నూనెను వదిలేద్దాం. లేత కీర దోసకాయను గానీ, బెంగళూరు మిర్చిని గానీ నిలువుగా కోసి గింజలు తీసేయండి. రెండు చెంచాల పుట్నాల పప్పు పొడిలో చిటికెడు వాము నలిపి వేసి, ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసం కలిపి ముద్ద చేసి కూరండి. నిమ్మరసం పులుపు ఉంటే ఉప్పు తక్కువైనా తెలియదు. వెంటనే తినాలి, ఆలస్యమైతే నీరూరుతుంది. ఇది అచ్చం బజ్జీలా ఉంటుందని నేను అనను. కానీ వాన పడే సాయంత్రం కరకరలాడేది, కారంగా ఉండేది చేతిలో ఉంటే అలగడం తగ్గుతుంది.

పెసర గారెలు ఇష్టమైన ఇంట్లో శ్రీరామనవమి నాటి వడపప్పు గుర్తు చేసుకోండి. ఛాయ పెసరపప్పును గంటా రెండు గంటలు నానబెట్టి నీళ్లు వంచేసి, పచ్చి మామిడి తురుము, క్యారెట్ తురుము, కాస్త కొబ్బరి, పచ్చిమిర్చి, అల్లం కలిపితే సరి. మామిడికాయ దొరకని రోజుల్లో నిమ్మరసం పిండండి. పళ్లు లేని పెద్దవారికి కచ్చాపచ్చాగా దంచి పెట్టండి. జంతికలు, చేగోడీల కరకర కావాలంటే ముల్లంగి, క్యారెట్ ముక్కల మీద ఉప్పు లేని నువ్వుల పొడి చల్లండి. బూరెలకు బదులు ఖర్జూరం, నువ్వులు దంచి చిన్న ఉండలు చేయవచ్చు. అయితే షుగరు ఉన్నవారికి బెల్లం ఎంతో ఖర్జూరమూ అంతే, పచ్చిది కదా అని వదిలేయకండి. అరటికాయ చిప్స్‌కు పచ్చి రూపం లేదు. దాన్ని ఆవిరి మీద ఉడికించి తాలింపు లేకుండా మిరియాల పొడి చల్లడమే.

పచ్చిది అనగానే అందరికీ మంచిదని అనుకోవద్దు. మా వార్డులో చెప్పి చెప్పి అలసిపోయిన మాట ఇదే. కీమోథెరపీ తీసుకుంటున్నవారు, అవయవ మార్పిడి అయినవారు, గర్భిణులు, పసిపిల్లలు, బాగా వృద్ధులు పచ్చి మొలకలు తినకూడదు. మొలకెత్తించే తడి, వెచ్చదనం గింజకే కాదు, సూక్ష్మజీవులకు కూడా అనుకూలమే. అటువంటివారికి మొలకలను బాగా ఉడికించి, వేడివేడిగా పెట్టండి. కీమో జరుగుతూ తెల్ల రక్తకణాలు తగ్గినప్పుడు ఏ పచ్చి కూరగాయైనా డాక్టరు గారిని అడిగాకే పెట్టాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పొటాషియం లెక్క ఉంటుంది కాబట్టి కొబ్బరి, ఖర్జూరం, మొలకలు సొంతంగా మొదలుపెట్టవద్దు. రక్తం పలచబడేందుకు వార్ఫరిన్ వేసుకునేవారు ఆకుకూరలను ఒక్కసారిగా పెంచినా, మానేసినా మందు పనితీరు మారుతుంది. రాజ్మా గింజలను ఎవరూ పచ్చిగా గానీ, నానబెట్టి గానీ తినకూడదు. అందులోని విషపదార్థం బాగా మరిగించి ఉడికిస్తేనే పోతుంది.

కూరగాయలను ధారగా పారే మంచినీటిలో రుద్ది కడగండి. మాంసం కోసిన కత్తి, చెక్క వీటికి వాడకండి. నానబెట్టిన పప్పు మిగిలితే మర్నాటికి దాచవద్దు.

మరొక చిన్న పని చేయండి. మనిషికి రోజుకు నూనె నాలుగైదు టీస్పూన్లు మించవద్దని సాధారణంగా చెబుతాం. లీటరులో సుమారు 200 టీస్పూన్లు ఉంటాయి. అంటే నలుగురున్న ఇంట్లో ఒక లీటరు కనీసం పది రోజులు రావాలి. ఈసారి ప్యాకెట్ కత్తిరించిన రోజు క్యాలెండర్ మీద గుర్తు పెట్టి, ఎన్నాళ్లు వచ్చిందో రాసుకుని, మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆ కాగితం తీసుకురండి.