సర్టిఫికెట్లు తాకట్టు వస్తువులు కావు

ప్రశ్న: మాది కోహీర్. జామతోట మీద వచ్చిన డబ్బుతో మా అబ్బాయిని ఒక చిన్న ప్రైవేటు యూనివర్సిటీలో కంప్యూటర్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ చదువుకు చేర్పించాం. పది రోజులకే కౌన్సెలింగ్‌లో వేరేచోట సీటొచ్చింది. ఒరిజినల్స్ అడిగితే నాలుగేళ్ల ఫీజూ కట్టి తీసుకెళ్లమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: కట్టకండి. సర్టిఫికెట్లు సరిచూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలని, వాటిని తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. ప్రైవేటు యూనివర్సిటీలకూ అది వర్తిస్తుంది. పదో తరగతి మెమో, టీసీ మీ అబ్బాయివి. ఫీజు బాకీ ఉన్నా సరే, వాటిని పట్టుకుని బేరమాడే హక్కు ఎవరికీ లేదు.

ఇక కట్టిన డబ్బు. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. మీవాడు చేరిన రోజుతో లెక్క మొదలుకాదు. అడ్మిషన్లకు ఆ యూనివర్సిటీ ప్రకటించిన ఆఖరు తేదీ చూడండి. దానికి 15 రోజులు లేదా అంతకంటే ముందే రద్దు కోరితే ఫీజంతా వాపసు ఇవ్వాలి. ఖర్చుల కింద 5 శాతం, అదీ 5,000 రూపాయలకు మించకుండా పట్టుకోవచ్చు. ఆఖరు తేదీకి 15 రోజుల లోపు అయితే 90 శాతం వస్తుంది. తేదీ దాటిన 15 రోజుల వరకు 80, ఆ తర్వాత 30వ రోజు వరకు 50 శాతం. అదీ దాటితే ఏమీ రాదు. కాషన్ డిపాజిట్ మాత్రం ఎప్పుడైనా పూర్తిగా ఇవ్వాల్సిందే. కొన్ని ఏళ్లలో యూజీసీ ఇంతకంటే మెరుగైన గడువు ప్రకటిస్తుంది కాబట్టి ఈ ఏటి ప్రకటన కూడా చూసుకోండి.

ఫోన్లో, నోటిమాటగా అడిగితే రేపు సాక్ష్యం ఉండదు. ఈరోజే దరఖాస్తు రాసి ఈమెయిల్ పంపండి, స్పీడ్ పోస్టు కూడా చేయండి. రసీదు భద్రం. దరఖాస్తు అందిన 15 రోజుల్లో డబ్బు తిరిగివ్వాలి.

ఇవ్వకపోతే ఆ యూనివర్సిటీలోని విద్యార్థుల ఫిర్యాదుల కమిటీకి రాయండి. 2023 నిబంధనల ప్రకారం కమిటీ 15 పనిదినాల్లో తేల్చాలి. తీర్పు నచ్చకుంటే మరో 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. వకీలు ఖర్చుకు భయపడకండి. 15100కు ఫోన్ చేస్తే న్యాయసేవా సంస్థ వాళ్లు దారి చూపిస్తారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది.

ఇంట్లో ఇంకో పిల్లో పిల్లాడో ఇంటర్ చదువుతుంటే ఒకమాట. యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇచ్చే అధికారం చట్టం ద్వారా ఏర్పడిన యూనివర్సిటీలకు, ఆ అధికారం పొందిన సంస్థలకే ఉంది. 2022లో మన తెలంగాణలో కొత్త ప్రైవేటు యూనివర్సిటీలకు అనుమతిచ్చే సవరణ బిల్లు శాసనసభ దాటి గవర్నర్ దగ్గర ఆగిపోయింది. అది చట్టం కాకముందే వాటిలో సీట్లు తీసుకున్న పిల్లలు 2023లో దిక్కుతోచక రోడ్డెక్కారు. అందుకే ఫీజు కట్టేముందు యూజీసీ జాబితాలో పేరు చూడండి. బయటి రాష్ట్రపు ప్రైవేటు యూనివర్సిటీ మా స్టడీ సెంటర్ జహీరాబాద్‌లోనే ఉందని చెబితే, యూజీసీ అనుమతి కాగితం చూపించమనండి.