‘తే కియేరో’ అన్నాడుగా, ఇంకేం!

రా చెల్లీ, ముందు కూర్చో. టీ చల్లారిపోతోంది, తాగు. దిగులు తర్వాత పడదాం. బార్సిలోనాలో నీ కుర్రాడు రోజూ ‘తే కియేరో’ అంటాడు గానీ ‘తే ఆమో’ అని ఒక్కసారీ అనలేదనేగా బాధ? స్పానిష్ డిక్షనరీ తిరగేస్తే ‘కియేరో’ అంటే ‘కావాలి’ అని కనిపించిందా? అక్కడే మనం బోల్తా పడతాం. వాళ్లకి కాఫీ కావాలన్నా ఆ మాటే, నువ్వంటే ప్రాణమన్నా ఆ మాటే.

స్పెయిన్‌లో అమ్మతో, స్నేహితురాలితో, కట్టుకున్నవాడితో నోటికొచ్చేది ‘తే కియేరో’నే. ‘తే ఆమో’ బరువైన మాట. రోజూ అంటే సినిమా డైలాగులా ఉంటుందని చాలామందికి మొహమాటం. లాటిన్ అమెరికాలో అయితే చాలాచోట్ల ఇంకాస్త ధారాళంగా వాడతారు. ఇంట్లో అక్కడి భాష కాటలాన్ మాట్లాడేవాళ్లా? అయితే ‘తస్తీము’ అంటాడేమో చెవి పెట్టి విను. అందులో ఈ రెండు మెట్ల గొడవే లేదు, అమ్మకైనా ప్రియురాలికైనా అదే.

మా పిన్ని కూతురి సంగతి చెప్తా విను. మిలాన్‌లో కాబోయే అత్తగారిని మొదటిసారి కలిసినప్పుడు వాటేసుకుని ‘తి ఆమో’ అనేసింది. భోజనాల బల్ల మొత్తం గొల్లుమంది! ఇటలీలో అది ప్రేమికుల మాట మరి. ఆవిడ మాత్రం నవ్వకుండా, దీని చెయ్యి పట్టుకుని ‘తి వోల్యో బేనే’ అని రెండుసార్లు పలికించింది. ‘నీ మంచి కోరుతున్నా’ అని మాటకి మాట అర్థం. అమ్మానాన్నలకీ, నేస్తాలకీ అదే చెప్తారు. ఫోన్ మెసేజుల్లో ‘టీవీబీ’ అని మూడక్షరాలకి కుదించేస్తారు కూడా. ఎంత చక్కటి మాటో, నాకైతే ‘తి ఆమో’ కన్నా ఇదే నచ్చింది.

ఫ్రెంచి వాళ్లతో మాత్రం జాగ్రత్త. ‘జ తెమ్’ అంటే ప్రేమ. దాని వెనక ‘బాగా’ అనే అర్థమున్న ‘బియాఁ’ తగిలిస్తే ప్రేమ పెరగాలి కదా? ఉహూఁ, తగ్గి స్నేహం దగ్గర ఆగిపోతుంది! మనం ముద్దుగా ‘బంగారం’ అన్నట్టు వాళ్లు ‘మోఁ షూ’ అంటారు. ‘షూ’ అంటే క్యాబేజీ. క్రీమ్ కూరిన చిన్న కేకునీ అలాగే పిలుస్తారు కాబట్టి కోపం తెచ్చుకోకు.

ఇక నీ పని. అతను ‘తే కియేరో’ అంటే బిత్తరపోయి ‘గ్రాసియాస్’ అనకు, థాంక్స్ చెప్పే చోటా అది? ‘ఈ యో ఆ తి’ అను, ‘నాకూ నువ్వంటే’ అని. అద్దం ముందు పదిసార్లు అనుకుంటే నాలుక తిరుగుతుంది. అసలు ‘తే ఆమో’ ఎందుకనవని అతన్నే అడగొచ్చుగా, మనసులో పెట్టుకుని కుములుతావెందుకు?

ఏప్రిల్ 23న అక్కడ సాంత్ జోర్ది పండుగ. ఆనవాయితీగా అబ్బాయి గులాబీ ఇస్తాడు, అమ్మాయి పుస్తకం ఇస్తుంది. మంచి పుస్తకం కొని, మొదటి పేజీలో నీ మాట తెలుగులోనే రాసివ్వు. అర్థం చెప్పించుకోవడానికి నీ దగ్గరికే కదా రావాలి!

ఇంకో కప్పు పొయ్యనా?